బ్లూ స్క్రీన్ కొన్నిసార్లు, ఉన్నట్టుండి రీస్టార్ట్ కొన్నిసార్లు: మదర్‌బోర్డు పోయిందంటున్నారు, నిజమేనా?

కాకినాడ_స్టూడియో
అందరికీ నమస్కారం. నాది పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఫొటో స్టూడియో. సిస్టమ్ వివరాలు: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్‌లు రెండు (డీడీఆర్4, 3200), ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల పవర్ సప్లై, విండోస్ 11. కొని మూడేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఈ మధ్య పని మధ్యలో పడిపోతోంది. ఫొటోషాప్‌లో పెద్ద షీట్ సేవ్ చేస్తుంటే పడిపోతుంది, ఊరికే బ్రౌజర్ తెరిచి ఉన్నా పడిపోతుంది. ఒక్కోసారి బ్లూ స్క్రీన్ వస్తుంది. ఒక్కోసారి ఏమీ రాకుండా టక్కున ఆరిపోయి మళ్లీ దానంతట అదే ఆన్ అవుతుంది.

విండోస్ మళ్లీ వేయించినా తగ్గలేదు. షాపుకు తీసుకెళ్తే అక్కడ బాగానే నడిచింది. అయినా మదర్‌బోర్డు పోయింది, పన్నెండు వేలు అవుతుంది అన్నారు. ముహూర్తాల సీజన్, చేతి నిండా ఆల్బమ్‌లు ఉన్నాయి. డబ్బు పెట్టడానికి వెనకాడను, బోర్డు మార్చాక కూడా ఇదే గోల అయితే ఎలా అన్నదే టెన్షన్.

గేమర్_గుంటూరు
650 వాట్ల పవర్ సప్లై పాతబడి ఉంటుంది. 850 వేసేయండి అన్నా, సెట్ అయిపోతుంది.

సర్వీస్_శ్రీనివాస్
ఆగండి, ఇంకా ఏదీ కొనొద్దు. 5600కి 3060 కలిపినా పూర్తి లోడు మీద మూడు వందల వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. 650 చాలకపోవడం అన్న మాటే లేదు. అది పాడైందా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే పరీక్ష ఉంది.

స్టూడియో గారూ, మీరు రెండు రకాల క్రాష్‌లు చెప్పారు. రెండూ ఒకే జబ్బు అని ముందే అనుకోకండి. బ్లూ స్క్రీన్ వచ్చిందంటే విండోస్ ఎక్కడో తప్పు పట్టుకుని తనంతట తాను ఆగింది, ఆగేముందు కారణం రాసిపెట్టుకుంది. ఏమీ రాకుండా ఆరిపోయిందంటే రాసుకునే వ్యవధి కూడా దానికి దొరకలేదు. కరెంటు తెగి ఉండాలి, లేదా పవర్ సప్లై తనను తాను కాపాడుకోవడానికి ఆపేసి ఉండాలి, లేదా బోర్డు రీసెట్ కొట్టి ఉండాలి. బెంచ్ మీద ఏ సిస్టమ్ వచ్చినా నేను మొదట అడిగేది ఇదే.

ఇప్పుడు చేయాల్సింది చూడండి. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్ తీసేయండి. బ్లూ స్క్రీన్ అయితే ఇక స్క్రీన్ మీదే నిలబడుతుంది. తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి కెర్నల్-పవర్ 41 అన్న ఎంట్రీలు వెతకండి. డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ అని ఒక విలువ ఉంటుంది. అది సున్నా ఉందా, ఇంకేదైనా అంకె ఉందా చెప్పండి. అంకె ఉంటే అది బ్లూ స్క్రీన్ క్రాష్, సున్నా అయితే కారణం రాసుకోకుండానే ఆరిపోయినట్టు. డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పులను విండోస్ రాసుకునే చోటు) పేరుతో ఎర్రర్లు ఉన్నాయేమో కూడా చూడండి.

బిల్డర్_భాగ్యనగర్
శ్రీనివాస్ గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతా. చాలామంది 41 నంబరు చూడగానే ‘కెర్నల్ పవర్ ఎర్రర్, పవర్ సప్లై పోయింది’ అని తీర్పు చెప్పేస్తారు. ఆ ఎంట్రీ క్రాష్ అయిన క్షణంలో పడదు. మళ్లీ ఆన్ అయ్యాక, పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని విండోస్ రాసుకునే నోటు అది. మనకు పనికొచ్చేది దాని లోపలున్న కోడే.

ఈ చర్చ చదివే ఇంటెల్ వాళ్లకు కూడా ఒక ముక్క. 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నింటికి ఎక్కువ వోల్టేజీ వెళ్లి, కాలం గడిచేకొద్దీ చిప్పే దెబ్బతింటోందని 2024లో ఇంటెల్ కంపెనీయే ఒప్పుకుంది. దానికి బయాస్ (బోర్డులోనే ఉండే మొదటి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ల ద్వారా మైక్రోకోడ్, అంటే ప్రాసెసర్ లోపలి సూచనల సవరణ ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచింది. గేమ్ లోడవుతుంటే వీడియో మెమరీ చాలడం లేదని ఎర్రర్ రావడం దాని గుర్తుల్లో ఒకటి, అది చూసి గ్రాఫిక్స్ కార్డును అనుమానించినవాళ్లు చాలామంది. ఆ ప్రాసెసర్లున్నవాళ్లు ముందు బయాస్ అప్‌డేట్ చేసుకోండి. అయితే అప్పటికే దెబ్బతిన్న చిప్ అప్‌డేట్‌తో బాగుపడదు, వారంటీలో మార్పించుకోవాలి. స్టూడియో గారిది రైజెన్ కాబట్టి ఇక్కడ ఆ గొడవ లేదు.

కాకినాడ_స్టూడియో
చూశాను సార్. 41లు చాలానే ఉన్నాయి. కొన్నింటిలో కోడ్ సున్నా, కొన్నింటిలో అంకెలున్నాయి. లాగర్ ఎర్రర్లు ఏమీ లేవు. టిక్ తీశాక వచ్చిన బ్లూ స్క్రీన్లు ఫొటో తీశాను. ఒకటి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకొకటి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, మరోటి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్. బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ రాసిపెట్టే మినీడంప్ ఫైళ్ల ఫోల్డర్‌ను బ్లూస్క్రీన్‌వ్యూ అనే ప్రోగ్రామ్‌లో తెరిస్తే ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు, ఒకసారి నెట్‌వర్క్ డ్రైవర్ పేరు, ఒకసారి విండోస్ కెర్నల్ (విండోస్ మూల భాగం) పేరే వచ్చాయి.

ఇంకో సంగతి. సంబంధం ఉందో లేదో తెలియదు గానీ, సేవ్ చేసిన జేపెగ్‌లు కొన్ని పాడయ్యాయి. నిన్న ఒక ఫొటోలో పెళ్లికూతురి భుజం దాకా బాగానే ఉంది, అక్కడినుంచి కిందిదంతా గులాబీ రంగులోకి మారి పక్కకు జరిగిపోయింది.

పద్మజ_టెస్టింగ్
సంబంధం ఉంది. క్రాష్‌ల కంటే ముందు పట్టించుకోవాల్సింది దాన్నే. దయచేసి ఈ సిస్టమ్‌లో పని ఇప్పుడే ఆపండి. ముఖ్యంగా కెమెరా కార్డుల నుంచి ఫొటోలు దీంట్లోకి కాపీ చేయొద్దు, ఏ కార్డూ ఫార్మాట్ చేయొద్దు.

కారణం చెప్తాను. ప్రతిసారీ ఒకే డ్రైవర్ పేరు వస్తుంటే ఆ డ్రైవర్నో, అది నడిపే భాగాన్నో అనుమానించాలి. మీకు ప్రతిసారీ కోడ్ మారుతోంది, డ్రైవర్ పేరూ మారుతోంది. అంటే వాటిలో ఏదీ అసలు దోషి కాదు, అందరూ వాడుకునే చోటు ఏదో చెడింది. ఆ చోటు చాలావరకు ర్యామ్ అయి ఉంటుంది. చెడిన బిట్ దగ్గర ఆ క్షణాన కెర్నల్ డేటా ఉంటే బ్లూ స్క్రీన్ వస్తుంది. మీ ఫొటో ఉంటే ఏ హెచ్చరికా లేకుండా ఫొటో చెడిపోతుంది. జేపెగ్‌లో ఫొటో చిన్న చిన్న గళ్లుగా ఒకదాని తర్వాత ఒకటి కుదించి రాసి ఉంటుంది, మధ్యలో ఒక్క బిట్ తిరగబడ్డా అక్కడినుంచి లెక్క తప్పుతుంది. భుజం దాకా బాగుండి ఆ తర్వాత రంగు మారడం అందుకే.

కార్డు నుంచి హార్డ్‌డిస్క్‌కు కాపీ చేసే ఫైల్ కూడా ర్యామ్ మీదుగానే వెళ్తుంది. కాపీ పూర్తయిందని కంప్యూటర్ చెప్పినంత మాత్రాన ఫైల్ బాగున్నట్టు కాదు. ఒకరి పెళ్లి ఫొటోలు మళ్లీ తీయలేం కదండీ.

డల్లాస్_అడ్మిన్
పద్మజ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ర్యామ్ చెడటం అరుదన్న నమ్మకం ఒకటి జనంలో ఉంది. గూగుల్ సర్వర్ల నుంచి రెండున్నరేళ్లు సేకరించిన లెక్కలతో 2009లో ఒక అధ్యయనం వచ్చింది. ఏడాదిలో దాదాపు మూడో వంతు మెషీన్లలో, 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్‌లలో మెమరీ ఎర్రర్లు కనిపించాయని అందులో తేలింది. అవి ఈసీసీ (తప్పును తామే పట్టుకుని సరిదిద్దే) ర్యామ్‌లు కాబట్టి ఎర్రర్ పట్టుకుని లెక్కపెట్టగలిగాయి. మన ఇళ్లలో, స్టూడియోల్లో వాడే మామూలు ర్యామ్‌కు ఆ సదుపాయం లేదు, తప్పు జరిగినా ఎవరికీ చెప్పదు.

విండోస్ మళ్లీ వేయడం గురించి కూడా ఒక మాట. ర్యామ్ చెడిన సిస్టమ్‌లో విండోస్ ఇన్‌స్టాల్ చేస్తే ఆ ఇన్‌స్టలేషన్ ఫైళ్లే తప్పుగా పడే ప్రమాదం ఉంది. ఎస్ఎఫ్‌సీ (విండోస్ ఫైళ్లు సరిచేసేది), చెక్‌డిస్క్ (డిస్క్ సరిచేసేది) లాంటి రిపేర్లు కూడా ర్యామ్ బాగుందని తేలాకే నడపండి.

కాకినాడ_స్టూడియో
చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. పని ఆపేశాను, కార్డులన్నీ తీసి పక్కన పెట్టాను. కానీ విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ షాపులో నడిపారు, ఏ ఎర్రరూ లేదన్నారే?

సర్వీస్_శ్రీనివాస్
అది పైపైన చూసే పరీక్ష. దాంట్లో ఎర్రర్ వస్తే నమ్మండి, రాకపోతే మాత్రం నమ్మకండి. పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ వేసుకుని, దాన్నుంచి బూట్ చేసి, నాలుగు పాస్‌లూ (పూర్తి విడతలూ) అయ్యేదాకా వదిలేయండి. 32 జీబీకి గంటలకు గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. ఎర్రర్ ఒక్కటి వచ్చినా ఫెయిల్ కిందే లెక్క.

ఎర్రర్లు వస్తే వెంటనే స్టిక్ పారేయకండి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపి మళ్లీ నడపండి. ఎక్స్‌ఎంపీ అంటే స్టిక్‌ను దాని మామూలు వేగం కంటే పైకి తీసుకెళ్లే సెట్టింగ్. డీడీఆర్4 మామూలుగా 1.2 వోల్టుల మీద నడుస్తుంది, ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే చాలా కిట్లు 1.35కి వెళ్తాయి. అది ఆపగానే ఎర్రర్లు పోతే వేగమో వోల్టేజో కుదరడం లేదన్నమాట. ఆపినా వస్తుంటే స్టిక్ అయినా చెడి ఉండాలి, స్లాట్ అయినా చెడి ఉండాలి.

ఆ రెండింట్లో ఏదో తేల్చడానికి ఒకసారి ఒక్కటే మార్చండి. మొదటి స్టిక్ ఒక్కటే, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. తర్వాత రెండో స్టిక్ ఒక్కటే, అదే స్లాట్‌లో. తర్వాత రెండింటినీ విడివిడిగా నాలుగో స్లాట్‌లో. తప్పు స్టిక్ వెంట వెళ్తే స్టిక్ పోయినట్టు. స్లాట్ దగ్గరే ఆగిపోతే అప్పుడు బోర్డు మాట ఆలోచిద్దాం. స్టిక్‌ల మీద పెన్నుతో 1, 2 అని స్టిక్కర్ అంటించి, ప్రతి ఫలితం కాగితం మీద రాసుకోండి.

గోదారి_గట్టు
ర్యామ్ తీసి బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టండి. సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలి. మా దగ్గర సగం కేసులు దానితోనే బాగవుతాయి.

బిల్డర్_భాగ్యనగర్
గట్టు గారూ, ఉప్పుగాలి మాట నిజమే. కానీ రబ్బరు వద్దు. దాని పొడి స్లాట్‌లో పడుతుంది, గట్టిగా రుద్దితే పైనున్న పలుచని బంగారు పూత అరుగుతుంది, స్టాటిక్ భయం సరేసరి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నూలు పోగులు రాలని గుడ్డకు అద్ది తుడిస్తే చాలు. సిస్టమ్ ప్లగ్ తీసి, కేస్ లోహాన్ని ఒకసారి తాకి, అప్పుడు స్టిక్ పట్టుకోండి.

గోదారి_గట్టు
ముప్పై ఏళ్లుగా రబ్బరే వాడుతున్నాం బాబూ, ఏ స్టిక్కూ చావలేదు. సరే, ఆల్కహాల్ దొరికితే అదే మేలు, కాదనను.

కాకినాడ_స్టూడియో
ఫలితాలు రాస్తున్నాను. శుభ్రంగా తుడిచి పెట్టాకే నడిపాను. రెండు స్టిక్‌లతో మొదటి పాస్‌లోనే ఎర్ర గీతలు మొదలయ్యాయి. ఎక్స్‌ఎంపీ ఆపినా వచ్చాయి. విడివిడిగా పెడితే 1వ స్టిక్ రెండు స్లాట్లలోనూ ఒక్క ఎర్రర్ లేకుండా దాటింది. 2వ స్టిక్ రెండు స్లాట్లలోనూ ఫెయిల్. ఫొటో తీసినదాంట్లో 00000000 ఉండాల్సిన చోట 00000020 అని ఉంది. చాలా వరసల్లో అదే తేడా.

పద్మజ_టెస్టింగ్
అదే ఆ బిట్. ఇవి హెక్స్ అంకెలు, ఒక్కో అంకె వెనక నాలుగు బిట్లు ఉంటాయి. 0 అంటే 0000, 2 అంటే 0010. అంటే ఎనిమిది అంకెల్లో ఒక్కచోట, ఒక్క బిట్ సున్నా నుంచి ఒకటిగా మారుతోంది. మీ పెళ్లికూతురి ఫొటోను చెడగొట్టింది బహుశా అదే. మీ మదర్‌బోర్డు స్లాట్లు రెండూ 1వ స్టిక్‌తో పాసయ్యాయి కాబట్టి ర్యామ్ విషయంలో బోర్డు తప్పు లేదు.

1వ స్టిక్ ఒక్కదానితో పని మొదలుపెట్టండి. చెడ్డ స్టిక్ ఉన్న రోజుల్లో కాపీ చేసినవన్నీ కార్డుల నుంచి మళ్లీ తెచ్చుకోండి, పాతవాటి మీద రాయకుండా వేరే ఫోల్డర్‌లోకి. తర్వాత పాత కాపీకీ కొత్త కాపీకీ విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో షా256 విలువ (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది, ఒక్క బిట్ మారినా మారిపోతుంది) తీసి పోల్చండి. విలువ తేడా వచ్చిన ఫైళ్లను విడిగా ఉంచండి.

కాకినాడ_స్టూడియో
ఒక్క స్టిక్‌తో నడుపుతున్నాను. బ్లూ స్క్రీన్ మళ్లీ రాలేదు. కానీ ఈ సాయంత్రం ఏమీ రాకుండా టక్కున రీస్టార్ట్ అయింది. 41 చూస్తే కోడ్ సున్నా. ఇప్పుడైనా బోర్డేనా సార్?

గేమర్_గుంటూరు
పవర్ సప్లై అని మొదటే చెప్పా కదా అన్నా!

సర్వీస్_శ్రీనివాస్
అయి ఉండొచ్చు, పరీక్షిద్దాం. ముందు క్యాబినెట్ తెరిచి బోర్డుకు వెళ్లే పెద్ద 24 పిన్ కనెక్టర్, ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్, గ్రాఫిక్స్ కార్డు కేబుల్ మూడూ తీసి, క్లిప్ టక్‌మనేదాకా మళ్లీ నొక్కండి. తర్వాత ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌లో పవర్ టెస్ట్ పెట్టండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండింటినీ ఒకేసారి పూర్తి లోడుకు తీసుకెళ్తుంది. పక్కన సెన్సార్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రతలు, 12 వోల్టుల లైను చూస్తుండండి. పీసీ పవర్ సప్లైలకు ఉండే ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు. బోర్డు సెన్సార్ చూపించే అంకె అంత కచ్చితంగా ఉండదు, తేడాగా కనిపిస్తే మల్టీమీటర్‌తో కొలుద్దాం.

కాకినాడ_స్టూడియో
మధ్యాహ్నం గంటసేపు నడిపాను. సిస్టమ్ ఏమాత్రం కదల్లేదు. ప్రాసెసర్ 80 దాటలేదు, 12 వోల్టుల లైను 12కు అటూఇటూ స్వల్పంగా ఊగింది, అంతే. మళ్లీ సాయంత్రం ఊరికే మెయిల్ చూస్తుంటే ఆరిపోయింది!

పద్మజ_టెస్టింగ్
గంటసేపు పూర్తి లోడు మోసినది మెయిల్ చూస్తుంటే పడిపోయిందంటే కారణం కంప్యూటర్ బయట ఉండే అవకాశం ఎక్కువ. షాపులో బాగా నడిచిందని మొదటి పోస్టులోనే రాశారు, అదీ ఇదే చెబుతోంది. కోడ్ సున్నా ఉన్న క్రాష్‌ల టైమ్‌లన్నీ ఒక కాగితం మీద రాయండి. 41 ఎంట్రీ రీస్టార్ట్ అయ్యాక పడుతుంది కాబట్టి ఒకటి రెండు నిమిషాలు వెనక్కి లెక్కేసుకోండి. ఆ సమయాల్లో గదిలో ఇంకేం నడుస్తోందో గుర్తు చేసుకోండి. ఏసీ, మోటారు, ఫ్రిజ్, ఏదైనా సరే.

కాకినాడ_స్టూడియో
మేడమ్, దొరికినట్టే ఉంది. కౌంటర్‌లో మా అబ్బాయి బిల్లులు ప్రింట్ తీస్తాడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్ ఉంటుంది. దాంతో కలిపి చూస్తే ఒక్కటి తప్ప అన్నీ బిల్లు తీసిన నిమిషంలోనే! లేజర్ ప్రింటర్. నా యూపీఎస్, ఆ ప్రింటర్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు ఉన్నాయి. ప్రింట్ కొట్టగానే పైన లైటు ఒకసారి డిమ్ అవుతుంది, యూపీఎస్ టక్‌మంటుంది. కానీ ప్రతి బిల్లుకూ పడిపోదు, అదే అర్థం కాలేదు.

కరెంటు_మూర్తి
నేను ఎలక్ట్రికల్ మనిషిని, ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను. ఇది నా భాగం.

లేజర్ ప్రింటర్‌లో టోనర్‌ను కాగితానికి అతికించడానికి ఫ్యూజర్ అని వేడి రోలర్ ఉంటుంది. చల్లబడి ఉన్నప్పుడు ప్రింట్ ఇస్తే అది వేడెక్కడానికి ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. వెంటవెంటనే తీసే బిల్లులకు రోలర్ వేడిగానే ఉంటుంది కాబట్టి అంత లాగదు. చాలాసేపు స్లీప్‌లో ఉండి లేచి తీసే మొదటి బిల్లుకే మీ సిస్టమ్ పడుతుండాలి. చూసి చెప్పండి.

ఆ లాగుడుకు లైన్‌లో ఎక్కడైనా లూజ్ కాంటాక్ట్ ఉంటే వోల్టేజ్ కుంగుతుంది. సాయంత్రాలు అసలే వోల్టేజ్ తక్కువ. యూపీఎస్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీకి మారుతుంది, ఆ టక్ శబ్దం దాని రిలేదే. మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, మంచి పవర్ సప్లై అంతవరకు ఓర్చుకుంటుంది. కానీ బ్యాటరీ చచ్చి ఉంటే మారినా లాభం లేదు, అవుట్‌పుట్ పడిపోతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడైనా మార్చారా?

పరీక్ష చెప్తా. యూపీఎస్‌కు కంప్యూటర్ తీసేసి, పాత ఫిలమెంట్ బల్బు ఉన్న టేబుల్ ల్యాంప్ పెట్టి, గోడ దగ్గర స్విచ్ ఆపండి. బల్బు ఎంతసేపు వెలుగుతుందో చూడండి. తర్వాత మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్‌తో ఆ ప్లగ్ పాయింట్ విప్పించండి. మీరు విప్పొద్దు.

కాకినాడ_స్టూడియో
మూర్తి గారూ, మీరన్నది అక్షరాలా నిజం. బ్యాటరీ కొన్నప్పటిదే. స్విచ్ ఆపగానే బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. పడిపోయినవన్నీ చాలాసేపటి తర్వాత తీసిన బిల్లులే. ఎలక్ట్రీషియన్ పాయింట్ విప్పితే న్యూట్రల్ వైరు స్క్రూ వదులుగా ఉంది, వైరు తొడుగు నల్లబడి పెళుసెక్కింది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ప్లగ్ పిన్ను ఒకటి గోధుమ రంగుకు తిరిగింది. ఇన్నాళ్లూ దాని పక్కనే కాగితాల కట్టలు పెట్టుకుని కూర్చున్నాం.

కరెంటు_మూర్తి
ఆ పాయింట్, బాక్స్ రెండూ పారేయండి, బిగించి వాడొద్దు. ప్రింటర్‌కు వేరే 16 ఆంప్స్ పాయింట్ వేయించి నేరుగా గోడకే పెట్టండి, యూపీఎస్‌కు ఎప్పుడూ తగిలించొద్దు. ఎర్తింగ్ ఎలాగూ చూపించండి. బాగున్న ఎర్తింగ్‌లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించి రాకూడదు.

కాకినాడ_స్టూడియో
అన్నీ చేయించాను. కొత్త పాయింట్లు, ప్రింటర్‌కు వేరే లైను, యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ. ప్రింటర్ చల్లబడ్డాక కావాలనే సాయంత్రం పూట బిల్లులు తీసి చూశాం, సిస్టమ్ కదల్లేదు. అప్పటినుంచి రెండు రకాల్లో ఏదీ రాలేదు. ఫొటోల్లో తేడా వచ్చిన ఫైళ్లు కొన్ని దొరికాయి. కెమెరా రెండో కార్డులోనూ రాసే అలవాటు ఉండటంతో అన్నీ మళ్లీ తెచ్చుకోగలిగాను. గులాబీ రంగు ఫొటో కూడా. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

ఆఖరి ప్రశ్న: ర్యామ్‌కు వారంటీ ఉంది. చెడిన స్టిక్ ఒక్కటే పంపాలా, రెండూనా?

బిల్డర్_భాగ్యనగర్
జత ప్యాక్‌గా కొని ఉంటే చాలా కంపెనీలు రెండూ అడుగుతాయి, ముందు వాళ్ల సర్వీస్ సెంటర్‌ను అడగండి. బిల్లు, స్టిక్‌ల మీది సీరియల్ నంబర్ల ఫొటోలు, మెమ్‌టెస్ట్ ఎర్రర్ స్క్రీన్ ఫొటో కలిపి పంపండి. రెండూ పంపాల్సి వస్తే అప్పటిదాకా ఎవరి దగ్గరైనా ఒక 16 జీబీ స్టిక్ అడిగి తెచ్చుకోండి, దాన్ని కూడా పరీక్షించాకే పని మొదలుపెట్టండి. కొత్త జత వచ్చాక ఎక్స్‌ఎంపీ ఆన్‌లో పెట్టి ఒక రాత్రంతా నాలుగు పాస్‌లు నడపండి. కొత్తవాటిలోనూ చెడ్డవి వస్తుంటాయి.

కాకినాడ_స్టూడియో
రెండూ పంపమన్నారు. ఫ్రెండ్ దగ్గర స్టిక్ తెచ్చాను, ఈ రాత్రికి మెమ్‌టెస్ట్ పెడుతున్నాను.